పళ్ళున్న కారు

"అది విరిగిపోయింది, చూసుకున్నారా?" అన్నాడతను.

"చూసే తీశాను," అంది ఆమె, తలెత్తకుండా.

ఆదివారం పొద్దున పాత బొమ్మల అమ్మకం జరుగుతున్న హాలు అది. బల్లల మీద తళతళలాడే బొమ్మ కార్లు. బల్లల కింద అట్టపెట్టెల్లో చక్రాలూడినవీ, తలుపుల్లేనివీ. వచ్చినవాళ్ళందరూ బల్లల మీద వెతుకుతుంటే ఈ అమ్మాయి మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా అట్టపెట్టెలో చేతులు పెట్టి దేవుతోంది. మెడలో తాడుకి చిన్న భూతద్దం వేలాడుతోంది.

ఆమెకి దొరికింది తెల్లటి క్యాడిలాక్, పాతకాలపు అమెరికా కారు. అరచేతిలో పట్టే బొమ్మే అయినా ఆ పొడుగు, వెనక రెక్కల్లా లేచిన ఆ తోక చూస్తే పక్కకి తప్పుకుని దారివ్వాలనిపిస్తుంది. ముందు వైపు మాత్రం బోసిగా ఉంది. బంపర్ లేదు, కమ్మీల గ్రిల్ లేదు.

"ఆ చివరి బల్ల మీద ఇదే మోడల్ ఉందండీ. కొత్తది. పెట్టెతో సహా."

"దానికన్నీ ఉన్నాయిగా. దాంతో నాకేం పని?"

అతనికి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని వదిలేసి వెళ్ళే మనిషీ కాదు. లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. ఎక్కడైనా కిర్రుమంటే, ఎందుకు కిర్రుమందో తేలేదాకా అతనికి అన్నం సహించదు.

"మరి ఇది తీసుకెళ్ళి ఏం చేస్తారు?"

"మీరు చంకలో దాచుకున్నదేమిటో చెప్పండి. అప్పుడు చెప్తాను."

దాచుకోలేదు, తోటివాళ్ళకి చూపిద్దామని తెచ్చి జాగ్రత్తగా పట్టుకున్నాడంతే. ఆ మాట అందామనుకుని, అనకుండా పెట్టె ముందుకి చాపాడు. పెట్టె ముందు వైపు పల్చటి ప్లాస్టిక్ కిటికీ. లోపల ముదురాకుపచ్చ ప్యాకార్డ్, నాలుగు తలుపులది.

"యాభైల నాటి కారు. ఆ రోజుల్లో అమెరికాలో దీన్ని ఎక్కినవాళ్ళు వెనక సీట్లోనే కూర్చునేవాళ్ళు, ముందు సీటు డ్రైవర్‌ది. నా చిన్నప్పట్నుంచీ ఉంది నా దగ్గర. ఒక్కసారి కూడా పెట్టె తెరవలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"ఎలా ఉండగలిగారండీ?"

ఈ మాట చెప్పగానే అందరూ 'వాహ్' అంటారు. ఇలా ఎవరూ అడగలేదు. అతను జవాబు వెతుక్కునేలోపు ఆమె భూతద్దం కంటికి ఆనించుకుని కిటికీ మీదకి వంగింది.

"అబ్బ! ఎన్ని పళ్ళో!"

"పళ్ళా? అది గ్రిల్ అండీ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే భూతద్దాన్ని పక్కకి జరుపుకుంటూ పోయి, వెనక తలుపు దగ్గర ఆగింది. ఆ నవ్వు అక్కడే పోయింది.

"ఏమనుకోకండి. మీ కారుకి జబ్బు చేసింది."

"ఏంటీ?"

"తలుపు కింద వెంట్రుకంత గీత ఉంది. పెయింట్ కింద చిన్న పొంగు. లోపలి లోహం ఉబ్బుతోంది. మా ల్యాబ్‌లో ఇలాంటివి చూశాను."

వెనకనుంచి గట్టిగా నవ్వు వినబడింది. ఆ నవ్వు, కార్లు సేకరించేవాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి మీసాలాయనది. "పాత ఎత్తు బాబూ ఇది! బాగున్నదానికి వంక పెట్టి, చవగ్గా కొట్టేద్దామని."

ఆమె మొహం ఎర్రబడింది. "నేను అడిగానా, కొంటానని?"

అతను పెట్టె లాక్కున్నంత పని చేసి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. ఈసారి నిజంగానే దాచుకున్నాడు.

* * *

ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే గీత ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది.

"ఆ అద్దాల బీరువాకి చేసే సేవలో సగం నాకు చేస్తే ఈ మోకాళ్ళ నొప్పులు ఎప్పుడో పోవును," అంది పిన్ని, బట్టలు మడతపెడుతూ.

బాబాయి పేపర్లోంచి తలెత్తలేదు. ఊళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. అమ్మా నాన్నా లేకుండా పోయాక అతన్ని ఈ ఇంటికి తెచ్చుకుని పెంచింది ఆయనే. వచ్చిన కొత్తల్లో ఆ ప్యాకార్డ్ తెచ్చి ఇచ్చిందీ ఆయనే. తర్వాత అతని సొంత జీతంతో బీరువాలోకి క్యాడిలాక్‌లు వచ్చాయి, లింకన్‌లు వచ్చాయి. అన్నిటికీ పైన, మధ్యలో, ఎప్పుడూ ప్యాకార్డే.

వారం తిరిగేసరికి గీత ఉందా లేదా అన్న అనుమానం అక్కర్లేకపోయింది. ఉంది. పైగా పెరిగింది.

ఎవరా అమ్మాయి? ల్యాబ్ అంది. ఏం ల్యాబ్? విరిగిన కార్లతో ల్యాబ్‌లో ఏం చేస్తారు? విడిభాగాలు పీకి అమ్ముతుందా? కరిగిస్తుందా? పనిలో ఉన్నా ఇదే ఆలోచన. ఓ రోజు మూడో అంతస్తు బటన్‌కి నాలుగో అంతస్తు వైరు కలిపేశాడు.

చివరికి అట్టపెట్టెల బల్ల యజమానికి ఫోన్ చేశాడు.

"ఆ అమ్మాయా? కట్టుడు పళ్ళు చేస్తుందండీ. కళ్ళజోళ్ళ షాపు పైన, ఐదో ఫ్లోర్."

ఆ బిల్డింగ్ లిఫ్టు అతని చేతికిందే ఉంది.

* * *

గదినిండా దవడలు. అరల్లో వరసగా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద ఒక నంబరు. కిటికీ పక్క బల్ల దగ్గర సన్నటి మంట. దాని మీద చిన్న కత్తి వేడిచేసి, ఆమె మైనంతో ఒక దంతాన్ని చెక్కుతోంది.

"లిఫ్టు చెక్ చేయడానికొచ్చానండీ," అన్నాడు.

"లిఫ్టు బయట ఉంది."

"అవును."

"ఇక్కడున్నవి పళ్ళు."

"అవునండీ." అప్పుడు కిటికీ గట్టు కనబడిందతనికి. అక్కడ బారులు తీరి ఉన్నాయి కార్లు. ఆ తెల్ల క్యాడిలాక్ ముందుంది. దానికి బంపర్ ఉంది, గ్రిల్ ఉంది, వెండిలా మెరుస్తోంది. లిఫ్టు సంగతి మర్చిపోయి గట్టు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇది మీరు చేశారా?"

"మైనంతో చెక్కి, అచ్చు తీసి, పళ్ళ లోహంతోనే పోతపోశాను. ఊడిన పన్ను కట్టినట్టే."

"ఎందుకండీ ఇంత కష్టం?"

ఆమె కత్తి పక్కన పెట్టింది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా పళ్ళు చేస్తాను. అవి ఎవరి నోట్లోకి వెళ్తాయో తెలీదు. నవ్వుతారో లేదో తెలీదు. ఓ రోజు అట్టపెట్టెలో ఒక పాత అమెరికా కారు కనబడింది. ముందంతా పళ్ళే! ఈ కాలం కార్లు చూడండి, నోరు మూసుకుని ఉంటాయి. ఆ కాలం కార్లేమో నోరారా నవ్వుతాయి. అలాంటి వాటికి పళ్ళూడిపోతే చూస్తూ ఊరుకుంటామా?"

అతను నవ్వాడు. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు. "ఆ జబ్బు... మా కారుది. మందుందా?"

"లేదండీ." ఆ మాట మెత్తగా అంది. "బొమ్మ పోతపోసిన రోజే జింక్‌లో సీసం లాంటిదేదో కాస్త కలిసిపోయి ఉంటుంది. ఎవరికీ కనబడదు. ఏళ్ళు గడిచాక లోపల్నుంచి ఉబ్బి, పగిలి, పొడైపోతుంది. తేమ తగిలితే ఇంకా తొందరగా."

"నేను పెట్టెలోంచి తీయనేలేదు కదా!"

"పెట్టె బయటి దుమ్ముని ఆపుతుంది. లోపల్నుంచి వచ్చేదాన్ని ఎలా ఆపుతుంది?"

అతను గట్టు పట్టుకుని లేచాడు.

"ఒక పని చేయొచ్చు. రూపం చెడకముందే రబ్బరులాంటి సిలికాన్‌తో అచ్చు తీసుకుంటే మళ్ళీ పోసుకోవచ్చు. కానీ పెట్టెలోంచి తీయాలి. విడదీయాలి. విడదీసేటప్పుడు విరిగినా విరగొచ్చు."

"వద్దండీ," అన్నాడు వెంటనే. నిప్పు తగిలినట్టు.

* * *

అయినా ఆ లిఫ్టుకి మంచిరోజులొచ్చాయి. మూడు నాలుగు రోజులకోసారి ఇంజనీరుగారే స్వయంగా వచ్చి నూనె వేయడం, తలుపులు తుడవడం.

"సార్, దీనికేమైనా పెద్ద రోగమా?" అని అడిగాడు వాచ్‌మన్ భయంగా.

"ముందుజాగ్రత్త," అన్నాడు.

ముందుజాగ్రత్త అయిపోయాక ఐదో ఫ్లోర్లో టీ. ఆమె ప్రశ్నలకి అంతుండేది కాదు. లింకన్ వెనక తలుపులు వెనక్కెందుకు తెరుచుకుంటాయి? తోకలకి రెక్కలెందుకు, ఎగరనప్పుడు? లిఫ్టు తాడు తెగితే నిజంగా పడిపోతుందా? అతను ఆమెకి 'భూతద్దం' అని పేరు పెట్టాడు. ఆమె అతనికి 'డబ్బా' అని పెట్టింది. పెట్టె తెరవడుగా మరి.

"డబ్బాగారూ, మీకెప్పుడైనా కోపం వచ్చిందా?"

"ఎందుకలా అడిగారు?"

"ఎప్పుడు చూసినా ఏదో ముట్టుకుంటే విరిగిపోతుందన్నట్టు ఉంటారు. ఆ గ్లాసు చూడండి, ఎంత పదిలంగా పెట్టారో. అది స్టీలు గ్లాసండీ బాబూ!"

వాన మొదలైంది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. కిందరోడ్డు మీద గొడుగులు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. ఆమె భుజం అతని చేతికి తగిలింది. ఇద్దరూ జరగలేదు. వాన ఆగాక మాత్రం, ఎవరో పిలిచినట్టు ఇద్దరూ ఒక్కసారే జరిగారు.

అంతా బాగానే ఉంది. ఆ మీసాలాయన రోడ్డు మీద కలవకపోతే ఇంకా బాగుండేది.

"ఆ పళ్ళమ్మాయితో తిరుగుతున్నావటగా? జాగ్రత్తోయ్. విరిగినవి బాగుచేసి, అసలైనవని చెప్పి అంటగడుతుందిట. మంచి ప్యాకార్డ్‌కి అచ్చు చేతికొస్తే ఇంకేముంది, ఎన్నైనా పోసి అమ్ముకోవచ్చు."

నమ్మలేదు. కానీ మనసులో ఎక్కడో కిర్రుమంది. కిర్రుమన్నాక అతను ఊరుకోలేడు. ఐదో ఫ్లోర్‌కి వెళ్ళి అడిగేశాడు. "మీరు బాగుచేసిన కార్లు... అమ్ముతారా?"

ఆమె కత్తి గాల్లోనే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు. అందుకే అడుగుతున్నా."

"ఆ గట్టు మీదవి చూశారుగా? నేను చేసినవన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ గడప దాటలేదు." కత్తి బల్ల మీద పెట్టేసింది. "అయినా మీరు అడిగింది కార్ల గురించి కాదు. ఆ అచ్చు గురించి. నేను ఇన్నాళ్ళూ టీ ఇచ్చింది దాని కోసమేనా అని."

"అది కాదండీ..."

"అదే. వెళ్ళండి. లిఫ్టు పాడైతే ఇంకెవరినైనా పంపించండి."

* * *

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. గోడలు చెమ్మగిల్లాయి. లిఫ్టుకి వేరే అతన్ని పంపించాడు. భోజనం దగ్గర కూర్చుని కంచంలో గీతలు గీస్తుంటే పిన్ని చూసి చూసి అడిగింది.

"ఏరా, ఎవరా అమ్మాయి?"

"ఏ అమ్మాయి?"

"సరే, ఏ అమ్మాయీ లేదు. ఆ లేని అమ్మాయితో గొడవేంటి?"

అతను లేచి బీరువా దగ్గరకి వెళ్ళాడు, మొహం దాచుకోవడానికి. వెళ్ళి అలాగే నిలబడిపోయాడు. పెట్టె కిటికీలోంచి చూస్తే ప్యాకార్డ్ డిక్కీ తలుపు ఊడి పక్కన పడి ఉంది. చుట్టూ బూడిదరంగు పొడి.

జీవితంలో మొదటిసారి ఆ పెట్టె మూత తీశాడు. కారు అనుకున్నదానికంటే బరువుగా ఉంది. చల్లగా ఉంది. ఇన్నేళ్ళుగా తనదే, అయినా దాని బరువెంతో ఇప్పుడే తెలిసింది.

రుమాల్లో చుట్టుకుని వానలోకి పరిగెత్తాడు.

బిల్డింగ్‌లో లిఫ్టు ఆగిపోయి ఉంది. ఈసారి నిజంగానే.

"సార్, వచ్చారా! దేవుడు పంపినట్టు..." అన్నాడు వాచ్‌మన్.

"తర్వాత!" అని మెట్లెక్కేశాడు.

ఆమె గదికి తాళం వేస్తోంది. నీళ్ళోడుతున్న మనిషిని, గుండెలకి హత్తుకున్న రుమాలునీ చూసింది. కోపంగా ఉండాలని శతవిధాలా ప్రయత్నించింది. కళ్ళు మాత్రం రుమాలు మీదే ఉన్నాయి.

"ఎక్కడ పగిలింది?" అంటూ మళ్ళీ తాళం తీసింది.

"డిక్కీ. నేను..."

"మాట్లాడొద్దు. కూర్చో."

'కూర్చోండి' కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది, ఇద్దరూ తెలియనట్టే ఊరుకున్నారు.

దీపం కిందకి లాగింది. కారుని తిరగేసి, అడుగున రివెట్ల తలల్ని పళ్ళకి వాడే సన్నటి డ్రిల్‌తో అరగదీసింది. అతను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అడుగుభాగం విడింది, సీట్లు వచ్చాయి, అద్దాలు వచ్చాయి. పైభాగాన్ని ఎత్తుతుంటే వెనక తలుపు పక్క కమ్మీ ఆమె వేళ్ళలో పొడైపోయింది.

ఆమె అతని వంక చూసింది. ఇప్పుడు అరుస్తాడు అనుకుంది. అతనూ అదే అనుకున్నాడు. కానీ అతనికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ పొడి అంటిన వేళ్ళు చూస్తుంటే వాటిని పట్టుకోవాలని మాత్రం అనిపించింది.

"పర్లేదు. కానివ్వు," అన్నాడు.

ఊడిన ముక్కల్ని మైనంతో తిరిగి నిలబెట్టింది. గులాబీరంగు సిలికాన్ కలిపి, కారుని పెట్టి చుట్టూ గోడకట్టిన చిన్న డబ్బాలోకి నెమ్మదిగా పోసింది. ఆకుపచ్చ రంగంతా మునిగిపోయింది. గట్టిపడేదాకా చేయడానికేమీ లేదు.

"సారీ," అన్నాడు. "ఎవరో అన్న మాట పట్టుకుని నిన్ను అడిగాను. నువ్వెలాంటిదానివో చూస్తూ కూడా."

"నాకు బాధేసింది."

"తెలుసు."

"ఇంకోటి అడగనా? అంత ఇష్టమైన కారు. చిన్నపిల్లాడివి. ఎందుకు తెరవలేదు?"

అతను గులాబీరంగు డబ్బా వైపు చూస్తూ చెప్పాడు. "బాబాయి వాళ్ళింటికి కొత్తగా వచ్చాను. వాళ్ళకి నేను బరువు కాకూడదనుకున్నా. తలుపు గట్టిగా వేసేవాణ్ణి కాదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. ఏదైనా పగిలితే పంపించేస్తారని భయం. అప్పుడు బాబాయి ఈ కారు తెచ్చారు. అంత మంచి వస్తువుని ఎలా ముట్టుకుంటాను?"

ఆమె పొడి అంటిన చేతినే అతని చేతి మీద పెట్టింది. "ఇది మీ బాబాయికి తెలుసా?"

"లేదు."

"చెప్పవా మరి?"

* * *

కొత్త కారు పూర్తయిన రోజు ఆమెని ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తీసిన పిన్ని, 'లేని అమ్మాయి'ని పైనుంచి కిందదాకా చూసి, "లోపలికి రామ్మా, వాడికెలాగూ రమ్మనడం చేతకాదు," అని చెయ్యి పట్టుకుంది.

బాబాయి పాత ముక్కల్నీ, కొత్త ప్యాకార్డ్‌నీ మార్చి మార్చి చూశాడు. అతను తడబడుతూ అంతా చెప్పాడు. జబ్బు సంగతి, అచ్చు సంగతి, ఆ తర్వాత చిన్నప్పటి భయం సంగతి. చెప్తుంటే పిన్ని పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నీకు నచ్చలేదనుకున్నాన్రా."

"ఏంటి బాబాయ్?"

"బస్సు దిగి ఇంటికొచ్చి రోజూ చూసేవాణ్ణి. ఒక్కరోజైనా నేల మీద నడుపుతావేమోనని. పెట్టె పెట్టినచోటే ఉండేది. పిల్లాడికి ఏది ఇష్టమో కూడా తెలీదు నాకు, వీణ్ణేం పెంచుతాను అనుకునేవాణ్ణి. అందుకే మళ్ళీ బొమ్మలు తేలేదు."

అతను బాబాయి పక్కకి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన అతని తలని, చిన్నపిల్లాడి తలని నిమిరినట్టు నిమిరాడు.

"ఏమ్మా, ఇది నడుస్తుందా?" అన్నాడు బాబాయి ఆమెతో, కళ్ళు తుడుచుకుంటూ.

"నడవకపోతే ఎందుకండీ చేసింది?"

బస్సు నడిపిన ఆ పెద్ద చేతులు కారుని నేల మీద పెట్టి వెనక్కి లాగి ముందుకి తోశాయి. ప్యాకార్డ్ పళ్ళన్నీ చూపిస్తూ జర్రున దూసుకెళ్ళి బల్ల కాలికి ఠప్పున కొట్టుకుంది. తీసి చూస్తే ముందు మడ్‌గార్డ్ మీద పెయింట్ లేచిపోయింది.

ముగ్గురూ అతని మొహం చూశారు.

"ఇటివ్వండి, ఈసారి నేను," అన్నాడు. నేల మీద బోర్లా పడుకుని ఆమె వైపుకి వదిలాడు. ఆమె మఠం వేసుక్కూర్చుని పట్టుకుంది. బాబాయి గుర్రుమని ఇంజన్ శబ్దం చేశాడు.

పిన్ని ఇదంతా చూసి, తృప్తిగా నిట్టూర్చి, "అమ్మాయ్, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలమ్మా?" అంది.

"ముందు మీవాణ్ణి నాతో మాట్లాడమనండి పిన్నీ. ఇంతవరకూ ఒక్కమాట అడగలేదు."

"ఒరేయ్!" అన్నారు బాబాయీ పిన్నీ ఒకేసారి.

అతను నేల మీదనుంచి లేవబోయాడు. చొక్కా దులుపుకోవాలనుకున్నాడు. మంచి మాట ఏదైనా వెతకాలనుకున్నాడు. ఏదీ చేయకుండా, ఉన్నచోటే మోచేతుల మీద ఆనుకుని తలెత్తి చూశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె భూతద్దం కంటికి పెట్టుకుని, వంగి, అతని మొహాన్ని తీరిగ్గా అంతా చూసింది. చెవులదాకా ఎర్రబడ్డాడతను. పక్కన బాబాయి ఇంజన్ ఆపేశాడు.

"చేసుకుంటాను," అంది.